ఐర్లాండ్ ఫొటోల్లో అంతా పచ్చగానే ఉంటుంది కదా, మరి అడవులు తక్కువ అంటారేమిటి?

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబరులో మాస్టర్స్ కోసం డబ్లిన్ వస్తున్నారు, ఏ ఫొటో చూసినా పచ్చదనమే, కానీ యూరప్‌లో అడవులు బాగా తక్కువున్న దేశాల్లో ఐర్లాండ్ ఒకటని చదివారు, ఇందులో ఏది నిజమని. రెండూ నిజమే. నేనిక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. మొదట్లో నాకూ ఇది అర్థం కాలేదు. మా బాపు వచ్చి చూపించాక అర్థమైంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

విమానం దిగేముందు కిటికీలోంచి కనిపించే ఆ పచ్చదనమంతా గడ్డి. ఆవుల కోసం, గొర్రెల కోసం పెంచే గడ్డి. దేశం నేలలో దాదాపు మూడింట రెండు వంతులు వ్యవసాయానిదే, అందులోనూ పంటల కంటే పచ్చికే ఎక్కువ. మనుషుల కంటే పశువుల సంఖ్య ఎక్కువ ఇక్కడ. పొలాల చుట్టూ ముదురు రంగు గీతల్లా కనిపించేవి కంచె చెట్లు. 2022 జాతీయ అటవీ సర్వే ప్రకారం అడవి 11.6 శాతం. యూరోపియన్ యూనియన్ సగటు దానికి మూడు రెట్ల పైనే. మన దగ్గర 2021 నివేదిక ప్రకారం తెలంగాణలో 19 శాతం దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో 18 శాతం పైచిలుకు. అంటే రోజు మార్చి రోజు వాన పడే దేశంలో మన ఎండల రాష్ట్రాల కంటే అడవి తక్కువ.

అయితే ఆ 11.6 కూడా మీరు ఊహించుకునే అడవి కాదు. ఇక్కడే మా బాపు సంగతి చెప్పాలి.

బాపు ఫారెస్టు డిపార్టుమెంటులో గార్డుగా చేరి, జన్నారం చుట్టుపక్కలే ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. 2018లో అమ్మా ఆయనా ఇక్కడికి వచ్చినప్పుడు, ఆయనకి ఇష్టమని డబ్లిన్‌కి దక్షిణాన ఉన్న వికలో కొండల్లో ఒక అడవికి తీసుకెళ్లాను. నాకు బాగా నచ్చిన చోటది. నిటారుగా చెట్లు, మెత్తటి బాట, చల్లటి చీకటి. పది నిమిషాలు నడిచాక బాపు ఆగిపోయాడు. చేతికర్రతో నేల గీరాడు. ఎండిన సూదుల్లాంటి ఆకులు జానెడు మందాన ఉన్నాయి, వాటి కింద ఏమీ లేదు. ఒక మొలక లేదు, పుట్ట లేదు. పిట్ట కూత కూడా లేదని నాకు అప్పుడే తట్టింది.

"ఇది అడివి గాదు బిడ్డా, తోట. మనం టేకు పెట్టినట్టే పెట్టిన్రు వీళ్లు" అన్నాడు. కాసేపాగి, "మన టేకు కిందనన్న ఆకు రాలినంక వెల్తురు పడతది, గడ్డి మొలుస్తది. దీనికి ఆకు రాలుడే లేదాయె. కింద ఏం బతుకుతది?" అన్నాడు.

ఆ చెట్టు పేరు సిట్కా స్ప్రూస్. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం నుంచి తెచ్చారు. ఐర్లాండ్ అడవి విస్తీర్ణంలో దాదాపు 45 శాతం ఈ ఒక్క జాతే. రెండేసి మీటర్ల ఎడంతో హెక్టారుకు 2,500 మొక్కలు పెడతారు. ఇక్కడి వానకి ఏపుగా పెరుగుతుంది. ముప్పై అయిదు, నలభై ఏళ్లకి యంత్రాలతో మొత్తం నరికేసి మళ్లీ అదే పెడతారు. మా బాపు భాషలో చెప్పాలంటే కూపు, అంటే నరకడానికి గీసిచ్చిన అడవి ముక్క. ఎప్పటినుంచో ఈ నేలదే అయిన స్థానిక అడవి మాత్రం దేశం మొత్తమ్మీద ఒకటి రెండు శాతమే.

మరి ఉన్న అడవి ఏమైంది? ఊళ్ల పేర్లలో ఉంది. మనకి చింతలపూడి, మద్దిపాడు, వేపగుంట ఉన్నట్టు ఇక్కడ కిల్డేర్ అంటే ఓక్ చెట్టు దగ్గరి చర్చి, డెర్రీ అంటే ఓక్ తోపు. డెర్రీ అని మొదలయ్యే పల్లెలు వందలున్నాయి, వాటిలో చాలా చోట్ల ఇప్పుడున్నది గడ్డే. పాత ఐరిష్ చట్టాల్లో చెట్లకి తరగతులు ఉండేవి. ఓక్, హేజెల్, హాలీ, యూ లాంటివి పై తరగతి. వాటిని నరికితే జరిమానా ఆవుల లెక్కన కట్టాలి.

నరకడం మాత్రం అంతకంటే చాలా ముందే మొదలైంది. ఆరువేల ఏళ్ల కిందట సేద్యం వచ్చినప్పుడే రైతులు చెట్లు కొట్టి పొలాలు చేశారు. మేయో కౌంటీలో కేజా ఫీల్డ్స్ (Céide Fields) అనే చోట ఆ కాలపు పొలాల రాతిగోడలు బురదనేల కింద పూడిపోయి దొరికాయి. ఈ బురదనేలని ఇక్కడ బాగ్ అంటారు. నీరు నిలిచి, మొక్కలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకుపోయిన నల్లటి నేల. పొయ్యిలోకి దాన్ని తవ్వేటప్పుడు ఓక్, పైన్ మొద్దులు బయటపడుతుంటాయి. అలాంటి ఓక్ ముక్క ఒకటి మా ఇంట్లో ఉంది. బొగ్గులా నల్లగా, ఇనుములా బరువుగా ఉంటుంది.

మిగిలిన అడవి 16, 17 శతాబ్దాల్లో ఇంగ్లండ్ ఆక్రమణతో పోయింది. పీపాల చెక్కకి, ఓడలకి, ఇనుము కరిగించే బొగ్గుకి, తోలు పదును చేసే బెరడుకి కొట్టారు. తిరుగుబాటుదారులు దాక్కోకుండానూ కొట్టారు. 19వ శతాబ్దం చివర్లో కౌలుదార్లకి భూమి హక్కులు వస్తున్నప్పుడు, చేతులు మారేలోగా చాలామంది జమీందార్లు తమ తోపులు కూడా అమ్ముకున్నారు. 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి దేశంలో మిగిలిన అడవి ఒక శాతం చిల్లర.

ఒకటి నుంచి 11కి రావడం చిన్న పని కాదు, ఒప్పుకోవాలి. 1904లో ప్రభుత్వం వికలోలోని ఆవన్‌డేల్ ఎస్టేట్ కొని అక్కడ అటవీ శిక్షణ మొదలుపెట్టింది. ఐరిష్ నాయకుడు పార్నెల్ పుట్టిన ఇల్లది. కానీ మంచి పొలాలు అడవికి ఎవరిస్తారు? మిగిలినవి కొండలు, బాగ్‌లు. అక్కడ కాలువలు తవ్వి నీరు తీసేసి స్ప్రూస్ పెట్టారు. చెట్టు పెడితే ప్రకృతికి మంచిదే అనుకుంటాం కదా, ఇక్కడ అది తలకిందులైంది. బాగ్‌లలో నేల మీదే గుడ్లు పెట్టే కర్లూ అనే పొడవాటి వంపు ముక్కు పిట్ట ఉంటుంది. 1980లలో వేల జతలు గూళ్లు కట్టేవి, ఇప్పుడు నూరు చిల్లర. గడ్డి కోతలు, బాగ్ తవ్వకం కూడా కారణాలే. కానీ పక్కన స్ప్రూస్ తోట లేచాక నక్కలకీ కాకులకీ అందులో నీడ దొరికింది, వాటికి ఈ పిట్ట గుడ్లు తేలిగ్గా దొరికిపోయాయి. 2019 మేలో ఇక్కడి పార్లమెంటు వాతావరణ, జీవవైవిధ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. చట్టరక్షణ ఉన్న ప్రకృతి ఆవాసాల్లో (బాగ్‌లు, అడవుల్లాంటివి) 85 శాతం బాగోలేవని ప్రభుత్వ నివేదికే అదే ఏడాది చెప్పింది.

తడినేలలో పెట్టిన స్ప్రూస్ వేరు లోతుకి పోదు. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను వచ్చింది. గాల్వే తీరంలో గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. ఏడు లక్షలకు పైగా ఇళ్లకి, షాపులకి కరెంటు పోయింది. ఆ తర్వాత పడమటి వైపు వెళ్తే తోటలకి తోటలే ఒకే వైపు పడుకుని ఉన్నాయి. వేళ్లు పళ్లేల్లా లేచి నిలబడ్డాయి. నలభై ఏళ్లు పెంచిన రైతులకి అది తట్టుకోలేని దెబ్బ. 2050కల్లా అడవి 18 శాతం చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఏడాదికి 8,000 హెక్టార్లు నాటాలనుకుంటే ఈ మధ్య అందులో నాలుగో వంతుకి అటూ ఇటూగానే అవుతోంది. ఒకసారి చెట్లు పెడితే ఆ భూమి చట్టప్రకారం అడవిగానే ఉండాలి, కోశాక మళ్లీ నాటాలి. అందుకే రైతు వెనకాడతాడు. వాళ్లని తప్పుపట్టలేను.

ఇక నిజమైన అడవి. బాపుని కిలార్నీ నేషనల్ పార్కుకి కూడా తీసుకెళ్లాను. అక్కడ పాత ఓక్ అడవులు మిగిలాయి. కొమ్మల మీద నాచు దుప్పటిలా కప్పి ఉంటుంది, ఆ నాచులోంచి ఫెర్న్‌లు వేలాడతాయి. ఆయన అలవాటుగా ముందు కిందకి చూశాడు, తర్వాత పైకి. మొహం విప్పారింది. గంటసేపు తిరిగాక మాత్రం, "అన్నీ ముసలియే ఉన్నయి. పిల్లలేరి?" అన్నాడు.

చూస్తే నిజమే. తూర్పు ఆసియా నుంచి తెచ్చి వదిలిన సికా జింకలు, గొర్రెలు మొలకని మొలిచినట్టే తినేస్తాయి. పైగా రోడోడెండ్రాన్ పొద ఒకటి. జూన్‌లో ఊదారంగు పూలతో కొండంతా నిండుతుంది. నేను మొదటి ఏడాది దాని ముందు నిలబడి ఫొటోలు దిగాను. తోటల అందం కోసం బయటి నుంచి తెచ్చిన మొక్క అది. దాని కింద వెల్తురు చొరదు, పశువులు ముట్టవు. "మన లాంటానా అన్నట్టు" అని బాపు ఒక్క ముక్కలో తేల్చాడు. ఆ తర్వాత వాలంటీర్లతో కలిసి నేనూ ఆ పొదలు పీకాను. చేతులు బొబ్బలెక్కుతాయి. ఒక్క వేరు ముక్క వదిలినా మళ్లీ లేస్తుంది.

యాష్ చెట్టు కథ వేరు. ఇక్కడి జాతీయ ఆట హర్లింగ్‌లో కర్ర ఆ చెట్టుదే. 2012లో దిగుమతి మొక్కలతో వచ్చిన శిలీంధ్రం లీట్రిమ్ కౌంటీలో మొదట కనిపించింది, ఇప్పుడు దేశమంతా కంచెల్లో యాష్ చెట్లు కొసల నుంచి ఎండిపోతున్నాయి.

అన్నీ పోతున్నాయనుకోకండి. నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. 1911లో లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని ఒక ఎస్టేట్‌కి బూడిదరంగు ఉడతల్ని తెచ్చి వదిలారు. అవి వ్యాపించిన చోటల్లా ఇక్కడి ఎర్ర ఉడతలు మాయమయ్యాయి. ఆ తర్వాత పైన్ మార్టెన్ తిరిగొచ్చింది. చూడటానికి కొంచెం ముంగిసలా, పిల్లి అంత ఉండి, చెట్లెక్కే వేటజంతువు అది. బోనులూ విషమూ పెట్టి దాదాపు తుడిచిపెట్టారు. 1976లో వన్యప్రాణి చట్టం రక్షణ ఇచ్చాక మెల్లగా పెరిగింది. అది పెరిగిన మధ్య జిల్లాల్లో బూడిద ఉడతలు తగ్గిపోయి, ఎర్రవి మళ్లీ వచ్చాయి. ఎర్ర ఉడతకి మార్టెన్‌తో వేల ఏళ్ల పరిచయం. పైగా తేలిక, కొమ్మ కొసకి పరుగెత్తగలదు. బూడిదది ఈ శత్రువుని ఎరగదు. ఒక్క జంతువుని బతకనిస్తే జరిగిన పని ఇది. మార్టెన్‌కీ ఎర్ర ఉడతకీ స్ప్రూస్ తోటలు కూడా కొంత నీడనిచ్చాయి, కాబట్టి ఆ తోటల్ని నేను పూర్తిగా తిట్టను.

మా వాలంటీర్ల బృందం వికలోలో ఒక కొండవాలుకి జింకలూ గొర్రెలూ రాకుండా కంచె వేసింది. అంతే, ఏమీ నాటలేదు. మొదట ముళ్లపొదలు లేచాయి, చూసినవాళ్లు పాడుబెట్టారన్నారు. ఆ ముళ్ల మధ్య నుంచే బర్చ్, రోవన్, విల్లో వచ్చాయి. జే పిట్టలు ఎక్కడి నుంచో ఓక్ కాయలు తెచ్చి పాతిపెట్టి మర్చిపోతే నాలుగో ఏడాదికి మోకాలెత్తు ఓక్ మొక్కలు కనిపించాయి. వీడియో కాల్‌లో చూపిస్తే బాపు, "మేకలు రాకుండ కందకం తవ్వినంక మన మోళ్లకు చిగుళ్లు ఎట్ల లేచేటియో గట్లనే ఉన్నది" అన్నాడు. ఆ మాటకి నాకు వచ్చినంత సంతోషం ఏ శాతం లెక్కకీ రాలేదు.

మీరు వచ్చాక ఫిబ్రవరి, మార్చిలో ఒక ఎండ పొద్దున డబ్లిన్ నుంచి బస్సెక్కి గ్లెండలాక్ వెళ్లండి. అక్కడ పైసరస్సు చుట్టూ ఒకప్పుడు బొగ్గు కాల్చిన జాగాలు, వాటి మధ్య ఓక్ చెట్లు ఉన్నాయి. ముందు కొండ మీది స్ప్రూస్ తోటలో పది నిమిషాలు నిలబడి నేల చూడండి. తర్వాత ఓక్‌ల కిందకి వచ్చి నేల చూడండి. అప్పుడే టకటకమని చప్పుడు వినిపిస్తే ఆగండి. అది వడ్రంగిపిట్ట. కొన్ని శతాబ్దాలు ఈ దేశంలో లేదు. తనంతట తానే సముద్రం దాటి బ్రిటన్ నుంచి వచ్చింది. 2009లో వికలోలో గూడు కట్టినట్టు తేలింది. నేను మొదటిసారి విన్నప్పుడు ఫోన్ పైకెత్తి రికార్డు చేసి బాపుకి పంపాను. ఆయన రెండుసార్లు విని, "ఎండిన కొమ్మ మీద కొడుతున్నది. ఆ కొమ్మ నరకొద్దని చెప్పు వాళ్లకు" అని మెసేజ్ పెట్టాడు.