400 ఏళ్ల నాటి స్పానిష్ బండ్ల బాటను ఇసుకలో ఎలా గుర్తిస్తారు? దాన్ని కాపాడటం ఎందుకు కష్టం?

మీరు అడిగినది మెక్సికో నగరం నుంచి నేటి అమెరికాలోని శాంటా ఫే వైపు సాగిన ‘కామినో రియల్ డి తియెర్రా అదెంత్రో’ గురించి. పొడవు సుమారు 2,600 కిలోమీటర్లు. మెక్సికోలోని జకాటెకాస్ గనుల వెండి దక్షిణానికి, ఆ వెండిని శుద్ధి చేసే పాదరసం ఉత్తరానికి దీని మీదుగానే వెళ్లేవి. 1598లో స్పానిష్ దండయాత్రికుడు హువాన్ దె ఒన్యాతే వలసదారులతో ఇదే దిశలో న్యూ మెక్సికో చేరాడు.

ఇది రాళ్లు పరిచిన రహదారి అనుకుంటే పొరపాటు. చాలాచోట్ల మిగిలింది చక్రాలు, గిట్టలు తొలిచిన లోతు తక్కువ పల్లమే. నేల మీద నిలబడితే చాలాసార్లు కనిపించదు. ఉపగ్రహ చిత్రాల్లో మాత్రం మొక్కల తేడా వల్ల గీతలా తేలుతుంది. ఆ గీత వెంట మెటల్ డిటెక్టర్లతో వెతికితే లాడాలు, మేకులు దొరుకుతాయి. నీటికి దగ్గరగా ఉన్న మజిలీల్లో మెరుగు పూసిన మెక్సికన్ కుండపెంకులు, కొన్నిచోట్ల ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి మెక్సికోకు నడిచిన ఓడల్లో వచ్చిన చైనా పింగాణీ ముక్కలు కూడా! నా దృష్టిలో అసలైన ఆధారం ఏ ఒక్క వస్తువూ కాదు, అది దొరికిన చోటు. అందుకే సరదాగా తవ్వుకుపోయేవాళ్లు చేసే నష్టం పూడ్చలేనిది.

అమెరికా 2000లో దీన్ని జాతీయ చారిత్రక బాటగా ప్రకటించింది. మెక్సికో భాగం 2010లో యునెస్కో జాబితాకెక్కింది. గుడికైతే కంచె కట్టవచ్చు, ఇంత పొడవైన దారికి ఎలా? పైగా కొంత భాగం ప్రైవేటు భూముల్లో ఉంది. నీరు దొరకని హోర్నాదా దెల్ ముయెర్తో ఎడారిలో స్పేస్‌పోర్ట్ అమెరికా అనే అంతరిక్ష ప్రయోగ కేంద్రం వచ్చినప్పుడు, బాటతోపాటు చుట్టూ కనిపించే దృశ్యాన్ని కాపాడటమూ చర్చకు వచ్చింది.