అమ్మకు మాటలు వినిపించాలి కదా

అమెరికాకు కొత్తగా వచ్చిన మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు మొదటిసారి ఇంటికి బయలుదేరే ముందు నన్ను తప్పకుండా అడిగే సందేహం ఒకటుంది: ఇక్కడ చవకగా దొరికే హోమ్ థియేటర్ సెట్టు కొని అమ్మానాన్నలకు పట్టుకెళ్ళవచ్చా అని. వద్దనే చెబుతాను. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్; మన ఊళ్ళో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెట్టు వెనుక 100–240 అని ఉంటే సరే గాని, 120 అని మాత్రమే ఉంటే ప్లగ్గు మార్చే అడాప్టరు చాలదు, వోల్టేజీ దించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఆ బరువూ, ఆ ఖర్చూ లెక్కేసుకుంటే విజయనగరంలోనే ఒక మామూలు 5.1 సెట్టు (అయిదు స్పీకర్లు, బేస్ అనే లోతైన శబ్దాలకు ఒక సబ్ వూఫర్) కొనడం నయం.

నేను అలాగే కొన్నాను. మొదటి రాత్రి సినిమా పెట్టగానే మా అమ్మ, “ఏటి చెప్తన్నాడో బోధపడ్డం లేదురా, పాత టీవీయే నయం” అన్నది. తప్పు నాదే. సంభాషణలు పలికే సెంటర్ స్పీకరును చూడముచ్చటగా ఉంటుందని అద్దాల షోకేసులో లోపలికంటా నెట్టి పెట్టాను. దాని పక్కన ఎవరో కానుకగా ఇచ్చిన చిన్న బొబ్బిలి వీణ ఉంది. సబ్ వూఫర్ మోగినప్పుడల్లా దాని అద్దాల పెట్టె జివ్వుమని అదిరేది. స్పీకరును షోకేసు అర అంచు దాకా లాగి, ముందువైపు కింద రబ్బరు ముక్క పెట్టి, దాని ముఖం అమ్మ చెవుల వైపు కాస్త ఎత్తేసరికి మాటలు సగం తేటపడ్డాయి. మిగతా సగం టీవీ సెట్టింగుల్లో దొరికింది. టీవీ నుంచి సెట్టుకు శబ్దం మోసే ఆప్టికల్ కేబుల్‌కు పీసీఎం అనే పద్ధతి ఎంచి ఉండటం వల్ల ఆరు చానళ్ళూ రెండుగా కుదించుకుపోయి వస్తున్నాయి. చానళ్ళను కుదించకుండా సెట్టుకే పంపే బిట్‌స్ట్రీమ్‌కు మార్చి, సెంటరు స్థాయిని రెండు డెసిబెళ్ళు పెంచాను.

సబ్ వూఫర్‌ను గది మూలకు నెట్టకండి, మూల బేస్‌ను ఉబ్బిస్తుంది. దానిని ముందు మీరు కూర్చునే చోటే పెట్టి, ఒకే పాట మోగిస్తూ, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించిన చోటే సబ్ వూఫర్‌కు తగిన చోటు. నేనలా తిరుగుతుంటే మా నాన్నగారు ఏం పోగొట్టుకున్నావని అడిగారు. వెనుక స్పీకర్లను చూరుకు వేలాడదీయకుండా, సోఫాకు ఇరుపక్కలా కొంచెం వెనుకగా, చెవులకు కాస్త పైన బిగించండి. తీగలు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిశాయో లేదో చూడండి. ముందు స్పీకర్లలో ఒకదానికి తిరగబడినా బేస్ పలచబడిపోతుంది.

మొజాయిక్ నేల, బోసి గోడలు, పైన స్లాబు ఉన్న మన హాళ్ళలో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూస్తే ఆ మోత ఎంతసేపు తిరుగుతుందో తెలుస్తుంది. టీవీకి, సోఫాకు మధ్య మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన కర్టెన్లు వేస్తే వచ్చే తేడా, ఇంకో పదివేలు పోసి కొన్న స్పీకర్లతో కూడా రాదని నా అభిప్రాయం.

తిరిగి వచ్చేటప్పుడు స్పీకర్లు ఉన్న చోట్లను ఫొటో తీసుకోండి. సంక్రాంతి దులుపుళ్ళలో సెంటర్ స్పీకరు మళ్ళీ షోకేసులోకి వెళ్ళిపోతుంది. వీడియో కాల్‌లో దానిని బయటకు తీయించడానికి ఆ ఫొటో నాకు ఇప్పటికి రెండుసార్లు పనికివచ్చింది.