3 డాలర్లంటే 250 రూపాయలేనా?

ప్రశ్న: మా వీధిలో ఒకామె మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్తుందండీ, సాయంత్రానికి వేళ్లు మంటలెక్కి అన్నం కూడా చెంచాతో తింటుంది. రోజుకి 400 వస్తాయంట. పేదరికం గీత 3 డాలర్లంటే 250 పైనే కదా, మరి ఆమె పేద కాదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అది బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు, అమెరికాలో డాలరుకి వచ్చే సరుకు మన దగ్గర ఎంతకొస్తుందో చూసి వేసే లెక్క, అలా చూస్తే డాలరు సుమారు 20 రూపాయలే, అంటే ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో పెట్టిన 3 డాలర్ల గీత 2021 ధరల్లో మనకి 60 రూపాయల చిల్లర. 1990లో రోజుకి ఒక డాలరుతో మొదలెట్టారు, తర్వాత పెంచుకుంటూ వచ్చారు.

ఇంకోటి, అది కూలి కాదు, ఇంట్లో తలకి పడే ఖర్చు. ఆ 400 మీదే ఐదుగురు బతుకుతుంటే తలకి 80, గీత పైనే, లెక్క ప్రకారం కడుపేదలు కారు. నాకైతే ఇది అస్సలు మింగుడు పడదు.

అందుకే 2010 నుంచి ఐక్యరాజ్యసమితి, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కలిసి ఇంకో కొలత తెచ్చారు, అందులో డబ్బు ఊసే ఉండదు, పొయ్యి గ్యాసా కట్టెలా, మరుగుదొడ్డి ఉందా, పిల్లలు బడికెళ్తున్నారా, తిండి సరిపోతోందా, ఇలా 10 విషయాలు చూసి మొత్తమ్మీద మూడో వంతు లోటుంటే పేద కింద లెక్క. పని చేసే చోటు ఎలా ఉందన్నది మాత్రం ఆ పదింట్లో లేదమ్మా, అదీ చేర్చాలని నా కోరిక.