రెగ్యులేటర్ కాలుతోందని రెగ్యులేటర్‌నే మారుస్తూ పోకండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ. ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్) పెట్టి సొంతంగా చేసుకున్న బోర్డు, వైఫై ఆపేసినా 350 మిల్లీఆంప్స్ లాగుతోంది. మీ లెక్క ప్రకారం 80 దాటకూడదు. ప్రోగ్రామ్ మాత్రం శుభ్రంగా నడుస్తోంది. వోల్టేజీ తగ్గించి ఇచ్చే 3.3 వోల్టుల రెగ్యులేటర్ వేలు పెట్టలేనంత కాలుతోంది, రెండుసార్లు మార్చినా అంతే.

మూడోది కొనకండి. నేను కొన్నాను. భీమిలి వైపు ఒక రొయ్యల చెరువులో నీటి వేడి చూడ్డానికి బోర్డు చేస్తుంటే అచ్చం ఇదే జరిగింది. ప్రతిసారీ పెదవాల్తేరు నుంచి డాబాగార్డెన్స్ వెళ్లడం, ఇంకో ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తేవడం, అతికించడం, అది మళ్లీ కాలడం. పాపం దాని తప్పేం లేదు. 5 వోల్టులు తీసుకుని 3.3 ఇస్తుంటే మిగతా 1.7 దాని నెత్తినే పడుతుంది. 350 మిల్లీఆంప్స్ పారితే అది దాదాపు 0.6 వాట్లు. అంత చిన్న ముక్క కాలక ఏం చేస్తుంది? తినేవాడు వేరే ఉన్నాడు, ఇది మోస్తోందంతే.

మా బావేమో సముద్రపు గాలి అన్నాడు. మన వైజాగ్‌లో కిటికీ గ్రిల్లు తుప్పు పట్టినా, ఫ్రిజ్ పాడైనా ఆ గాలినే తిడతాం కదా. ఉప్పు, చెమ్మ, టంకం వేసేటప్పుడు వాడి కడగని ఫ్లక్స్ కలిస్తే కరెంట్ లీకయ్యే మాట నిజమే. కానీ అది మైక్రోఆంప్స్ లెక్క. బ్యాటరీతో నిద్రపోయే బోర్డుకైతే దాని గురించి టెన్షన్ పడాలి. మీ లెక్క కన్నా అదనంగా పోతున్న 270 మిల్లీఆంప్స్ గాలికి పోవు.

ముందు ఒక పని చేయండి. చిప్‌ని ఆన్, ఆఫ్ చేసే ఈఎస్‌పీ32 ఈఎన్ పిన్నుని వైరుతో గ్రౌండ్‌కి (బోర్డు మైనస్ లైన్‌కి) కలపండి. చిప్ పూర్తిగా పడుకుంటుంది. అప్పుడు బోర్డు మీద మిగలాల్సింది రెగ్యులేటర్ సొంతానికి వాడుకునే 5 మిల్లీఆంప్స్, పవర్ ఎల్‌ఈడీకి ఒకటో రెండో. నాకు 270 చూపించింది. అంటే 3.3 వోల్టుల లైన్ మీద ఎక్కడో గ్రౌండ్‌కి 12 ఓమ్‌ల దారి తెరుచుకుని ఉందన్నమాట.

ఎక్కడ? మల్టీమీటర్ బజర్ పెడితే ఆ లైన్ పొడుగునా మోగుతుంది, చోటు చెప్పదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి ఎక్కడ ముందు ఆరుతుందో (అక్కడే వేడి అన్నమాట) చూడమన్నారు కొందరు. మంచి చిట్కానే, కానీ ఫ్యాన్ తిరుగుతుంటే అంతా ఒకేసారి ఆరిపోతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చున్నాను. ఆల్కహాల్ కన్నా ముందు నా చెమట బోర్డు మీద పడింది. తీరా రెగ్యులేటర్ తప్ప ఇంకేదీ ముందు ఆరలేదు.

పని చేసింది మామూలు మల్టీమీటర్. 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ రెగ్యులేటర్ ఔట్‌పుట్ కాలు మీద ఆనించి, నల్లదాన్ని 3.3 లైన్ వెంబడి నడిపించాను. ఈఎన్ గ్రౌండ్‌కే ఉంచాలి, అప్పుడే ఆ దొంగ కరెంట్ ఒక్కటే పారుతుంది. రాగి గీతకీ కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి కరెంట్ పారే దారిలో అంకె పెరుగుతూ పోతుంది: 3, 7, 11. ఆ తర్వాత ఎంత దూరం వెళ్లినా 11 దగ్గరే నిలిచిపోయింది. అంటే 11 మొదలైన చోటే కరెంట్ కిందికి దిగిపోతోంది. మీది గీత కాకుండా వెడల్పాటి రాగి పరుపైతే ఈ అంకెలు ఒక మిల్లీవోల్ట్ లోపే ఉంటాయి, కొంచెం ఓపిక కావాలి.

ఆ చోట ఒక వయా (బోర్డు రెండు వైపుల రాగిని కలిపే చిన్న రంధ్రం), దాని వెనక వైపు అంచున ఒక సెరామిక్ కెపాసిటర్. బోర్డుని యాక్రిలిక్ ముక్కకి ఫోమ్ టేపుతో అతికించాను, ఆ కెపాసిటర్ టేపు కిందే ఉంది. తీస్తే టేపు మినపగింజంత మేర మాడి గోధుమరంగుకి తిరిగింది. కెపాసిటర్ పైకి కొత్తదానిలా ఉంది. పీకేసి ఆన్ చేస్తే 270 కాస్తా 6కి దిగింది.

తప్పు నాదే. ఐదు బోర్డులు కలిసి వచ్చిన పలకని, విరవడానికి చెక్కి ఉన్న గీత దగ్గర టేబుల్ అంచుకి ఆనించి పల్లీ చిక్కీ విరిచినట్టు విరిచాను. సెరామిక్ వంగదు, లోపల పగులుతుంది, ఆ పగులులోంచే కరెంట్ గ్రౌండ్‌కి దిగిపోతుంది. పైగా ఆ కెపాసిటర్ గీతకి 2 మిల్లీమీటర్ల దూరంలో, గీతకి అడ్డంగా ఉంది. తర్వాతి డిజైన్‌లో 5 మిల్లీమీటర్లు లోపలికి జరిపి, గీత వెంబడి ఉండేలా తిప్పాను.

ఈఎన్ కలిపాక మీకెంత వస్తోందో ఇక్కడే రాయండి. 10 లోపుకి పడిపోతే కెపాసిటర్ల జోలికి పోవద్దు. ప్రోగ్రామ్ ఆన్ చేస్తున్న పిన్ను గానీ, దాని వెనకున్న ట్రాన్సిస్టర్ గానీ దేనికో తగులుతోంది. అప్పుడు ఖాళీ ప్రోగ్రామ్ ఎక్కించి, పిన్నులు ఒక్కొక్కటే ఆన్ చేస్తూ మీటర్ చూడండి.