ఆన్సిబుల్‌ లుకప్‌లతో బయటి డేటా లాగొచ్చా? లాగొచ్చు, మా ఏడో రూము సంగతి విన్నాక

ప్రశ్న: "ఆన్సిబుల్‌ ప్లేబుక్‌లలో లుకప్ ప్లగిన్లు పెట్టి సీఎస్‌వీ ఫైళ్ళ నుంచి, ఏపీఐల నుంచి డేటా తెచ్చుకోవడం మంచిదా? లేక అన్నీ వేరియబుల్ ఫైళ్ళలోనే రాసుకోవడం మేలా?"

ముందు కొత్తవాళ్ళ కోసం: ఆన్సిబుల్‌ అంటే బోలెడు సర్వర్లని ఒకే చోటి నుంచి సెట్ చేసే టూల్. ప్లేబుక్ అంటే దానికి మనం రాసిచ్చే పనుల జాబితా. లుకప్ ప్లగిన్ అందులోకి బయటి డేటా తెచ్చిపెడుతుంది. సీఎస్‌వీ అంటే గడుల మధ్య కామాలు పెట్టి రాసిన పట్టిక, ఏపీఐ అంటే ఇంకో ప్రోగ్రామ్‌ని డేటా అడిగే దారి.

ఇక జవాబు: తెచ్చుకోండి. అన్నీ చేత్తో రాసుకునేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. ఒకే ఐపీ నాలుగు చోట్ల రాస్తారు, మూడు చోట్ల మారుస్తారు, నాలుగోది ఆర్నెల్ల తర్వాత ఏ అర్ధరాత్రో దొరుకుతుంది. డేటా ఎవరి చేతిలో పుడుతుందో వాళ్ళ దగ్గర నుంచే తీసుకోవాలి. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. కాకపోతే ఈ పద్ధతి వల్లే ఒకసారి రాత్రి రెండింటికి ఎంవీపీ కాలనీ నుంచి గాజువాకకి స్కూటర్ వేసుకుని పరిగెత్తాను.

మా ఆఫీసు రుషికొండ వైపు. అప్పట్లో మా కస్టమర్లలో రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి ఉండేది. వాళ్ళకి ఇరవై రెండు కోల్డ్ రూములు. ఒక్కో రూము బయట గోడకి ఒక చిన్న లినక్స్ డబ్బా. లోపల చలి ఎంతుందో చదవడం, పరిమితి దాటితే డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఎస్‌ఎంఎస్ కొట్టడం, అంతే దాని పని. గడ్డకట్టిన రొయ్య మైనస్ 18లో ఉండాలి. మైనస్ 15 దాటి పైకి వస్తే అలారం.

ఏ రూముకి ఎంత పరిమితి అన్నది ప్లాంట్ సూపర్‌వైజర్ గారి ఎక్సెల్ షీట్‌లో ఉండేది. ఆయన దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేస్తే, రాత్రి పదకొండింటికి మా ప్లేబుక్ అందులోంచి విలువలు తీసుకుని ఇరవై రెండు డబ్బాల కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ళూ రాసేది. వాడింది సీఎస్‌వీఫైల్ లుకప్. దీనికి చెప్పకపోతే కామాని గుర్తించదు, ట్యాబ్ అనుకుంటుంది. అది తెలుసుకోవడానికే నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. పేరులో కామా పెట్టుకుని ట్యాబ్ కోసం వెతకడమేమిటో!

రెండో సంగతి, ఏ గడిలోని విలువ కావాలో చెప్పకపోతే ఒకటో నంబరు గడి తీసుకుంటుంది. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి, అది మన లెక్కలో రెండోది. మా షీట్‌లో మొదటి గడి రూము కోడ్, రెండోది పరిమితి. సరిగ్గా సరిపోయిందని నేను ఆ నంబరు రాయను కూడా లేదు. పని అయిపోయిందని బీచ్‌కి పోయి మురీ మిక్చర్ తిన్నాను.

ఏడాదిన్నర బాగానే నడిచింది. ఒకరోజు రాత్రి వాచ్‌మన్ ఫోన్. "సారూ, ఏడో రూము తలుపు కింద నీళ్ళు కారతన్నాయి. అలారం ఏదీ రాలేదు." మద్దిలపాలెం, ఎన్‌ఏడీ దాటి, షీలానగర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుంటూ వెళ్ళేసరికి తలుపు మీద డిస్‌ప్లే మైనస్ 6 చూపిస్తోంది. కంప్రెసర్ ట్రిప్ అయిపోయి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. డబ్బా మాత్రం పచ్చ లైటు వేసుకుని ప్రశాంతంగా ఉంది. లోపలికి లాగిన్ అయి కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే పరిమితి దగ్గర 24 అని ఉంది.

ఇరవై నాలుగు డిగ్రీలు! జనవరిలో వైజాగ్ రాత్రిపూట అంతకంటే చల్లగా ఉంటుంది. ఆ లెక్కన కోల్డ్ రూము తలుపులు తెల్లారేదాకా బార్లా తీసి పెట్టినా అలారం మోగదు.

షీట్ తెరిస్తే అర్థమైంది. కోడ్‌కీ పరిమితికీ మధ్య "ర్యాకులు" అని కొత్త గడి. ఏడో రూములో ఇరవై నాలుగు ర్యాకులు. ఆ సాయంత్రమే చేర్చారు. ఇరవై రెండు డబ్బాల్లోనూ చలి బదులు ర్యాకుల లెక్క కూర్చుంది. సరుకంతా పక్క రూముల్లోకి మోయించేసరికి ఐదైంది. సూపర్‌వైజర్ గారిని అడిగితే, "ఒక గడి ఎక్కువైతే ఏటైపోద్ది బాబూ? షీట్‌లో అన్నీ బాగానే కనబడతన్నాయి గదా!" అన్నారు. నిజమే, ఆయన షీట్‌లో తప్పేమీ లేదు.

మా మేనేజర్ తీర్పు మాత్రం "ప్లగిన్ నమ్మదగింది కాదు, తీసేయండి" అని. నేను ఒప్పుకోలేదు. ప్లగిన్ అడిగిన గడి తెచ్చి ఇచ్చింది. అందులో అంకె ఉంది కాబట్టి ఎర్రర్ కూడా రాదు. ఖాళీగా ఉన్నా, అక్షరాలున్నా ఎక్కడో ఒక చోట పగిలేది. తప్పు విలువ చూడ్డానికి సరైన దానిలా ఉంటే ఏ టూల్ పట్టుకుంటుంది?

చేసిన మార్పు చిన్నదే. లుకప్ తీసేసి రీడ్ సీఎస్‌వీ మాడ్యూల్ (ప్లేబుక్‌లో ఒక పని చేసిపెట్టే ముక్క) పెట్టాను. అది గడి నంబరుతో కాకుండా పై వరసలోని పేరుతో విలువ ఇస్తుంది. అయితే లుకప్ ఎప్పుడూ మనం ప్లేబుక్ నడిపే మెషీన్ మీదే నడుస్తుంది, మాడ్యూల్ అవతలి సర్వర్ మీద నడుస్తుంది. అందుకని దాన్ని లోకల్‌హోస్ట్‌కి, అంటే మన మెషీన్‌కే, డెలిగేట్ చేయాలి (అప్పజెప్పాలి). తర్వాత ఒక అసర్ట్ (షరతు తప్పితే ఆపేసే తనిఖీ) పెట్టాను: పరిమితి మైనస్ 25కీ మైనస్ 12కీ మధ్య లేకపోతే ఒక్క డబ్బా కూడా ముట్టుకోకుండా ఆగిపోవాలి. ఇప్పుడు షీట్ మారిన రోజు ముందు చెక్ మోడ్‌లో (ఏదీ మార్చకుండా), డిఫ్ (ఏం మారబోతోందో చూపించేది) పెట్టి నడిపి కళ్ళతో చూసుకుంటాం.

ఈ "ఎక్కడ నడుస్తుంది" అన్నది ఇంటర్వ్యూల్లో ఒక్కరూ అడగరు. లుకప్‌కీ, చేతిలో ఉన్న విలువని మార్చి ఇచ్చే ఫిల్టర్‌కీ తేడా చెప్పమంటారు, కుర్రాళ్ళు బట్టీపట్టింది అప్పజెప్తారు, ఉద్యోగం వచ్చేస్తుంది. మా జూనియర్ ఒకడు సర్వర్ల హోమ్ ఫోల్డర్ కోసం ఎన్వ్ లుకప్ (మెషీన్ ఎన్విరాన్‌మెంట్ విలువలు చదివేది) రాస్తే, అన్ని సర్వర్ల కాన్ఫిగ్‌లోనూ వాడి ల్యాప్‌టాప్ ఫోల్డర్ పేరు పడింది. పాపం రెండ్రోజులు సర్వర్లని తిట్టుకున్నాడు.

మీరు ఏపీఐ అన్నారు కాబట్టి ఇంకొక్కటి. యూఆర్‌ఎల్ లుకప్‌ని (వెబ్ అడ్రసు నుంచి డేటా తెచ్చేది) వేరియబుల్‌లో పెట్టి ఒక్కసారే పిలుస్తుందని అనుకోకండి. ఆ వేరియబుల్ వాడిన ప్రతిసారీ మళ్ళీ వెళ్ళి అడుగుతుంది. నలభై సర్వర్లు, పది టాస్కుల్లో (ప్లేబుక్‌లోని పనుల్లో) వాడితే నాలుగు వందల పిలుపులు. మధ్యలో అవతల విలువ మారితే సగం సర్వర్లు పాతదానితో, సగం కొత్తదానితో ఉంటాయి. మొదట్లోనే ఒక టాస్క్‌లో సెట్ ఫ్యాక్ట్‌తో (విలువని దాచిపెట్టేది), రన్ వన్స్ (ఒక్కసారే నడువు అనే సూచన) పెట్టి పట్టుకుంటే అక్కడి నుంచి అందరికీ అదే విలువ. జాబితా కావాలంటే లుకప్ బదులు క్వెరీ వాడండి, అది జాబితాగానే ఇస్తుంది. లుకప్ అన్నిటినీ కామాలతో కలిపి ఒకే ముక్కగా ఇస్తుంది, దాని మీద లూప్ తిప్పబోతే టెన్షనే.

కాంట్రాక్ట్ అయిపోయేదాకా సూపర్‌వైజర్ గారు షీట్ ముట్టుకునే ముందు నాకు ఫోన్ చేసేవారు. "బాబూ, ఒక గడి ఎయ్యమంటావా?" అని. పేరుతో చదువుతున్నాం కాబట్టి ఎక్కడ వేసినా ఏమీ కాదు. ఆ సంగతి మాత్రం నేను ఆయనకి చెప్పలేదు.