పోస్ట్‌మన్‌లో వెళ్లే హెడర్ బ్రౌజర్‌లో ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మా ఊరి వాతావరణం చూపించే చిన్న వెబ్ పేజీ చేస్తున్నాను. సమాచారం ఇచ్చే సర్వీసు వాళ్లు ఎక్స్-ఏపీఐ-కీ అనే హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే చిన్న వివరం) కీ (మనం ఎవరో చెప్పే రహస్య కోడ్) పెట్టి పంపమన్నారు. పోస్ట్‌మన్‌లో (ఇలాంటి సర్వీసుల్ని పరీక్షించే యాప్) చక్కగా వస్తోంది, నా పేజీ జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ రాసి అడిగితే మాత్రం కోర్స్ ఎర్రర్ (వేరే సైట్ సమాచారం తీసుకోవడానికి అనుమతి లేదని బ్రౌజర్ ఆపేయడం). ఎవరో చెప్తే యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ కూడా నా హెడర్లలో చేర్చాను, అయినా అంతే. ప్రాజెక్ట్ రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ముందు ఆ యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ తీసేయండమ్మా. అది మీరు పంపాల్సింది కాదు, అవతలి సర్వర్ తన జవాబులో ఇవ్వాల్సిన అనుమతి. మీరు పంపితే బ్రౌజర్ దాన్ని కూడా ఇంకో కొత్త హెడర్ కింద లెక్కేసి దానికీ అనుమతి అడుగుతుంది, అంటే ఉన్న చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు జరిగేది చూడండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీ రీలోడ్ చేయండి. మీరు రాసింది గెట్ (సమాచారం ఇమ్మనే రిక్వెస్ట్) ఒక్కటే, అక్కడ మాత్రం ఆప్షన్స్ అనే ఇంకో రిక్వెస్ట్ కనిపిస్తుంది. మీ పేజీ ఒక డొమైన్‌లో, సర్వీసు ఇంకో డొమైన్‌లో ఉండి, మామూలు హెడర్లు కాకుండా సొంత హెడర్ కూడా పెడితే, బ్రౌజర్ ముందుగా ఈ ఆప్షన్స్‌ని పంపి "ఫలానా సైట్ నుంచి ఎక్స్-ఏపీఐ-కీ అనే హెడర్‌తో రావచ్చా?" అని అడుగుతుంది. ఇందులో హెడర్ పేరే ఉంటుంది, కీ ఉండదు. సర్వర్ తన జవాబులో యాక్సెస్-కంట్రోల్-అలౌ-హెడర్స్ పెట్టి ఆ పేరు చెప్తేనే మీ గెట్ కదులుతుంది, లేకపోతే బయలుదేరనే బయలుదేరదు. కొన్ని సర్వర్లు ఈ ఆప్షన్స్‌లో కూడా కీ వెతికి, లేదని 401 (గుర్తింపు లేదు) ఎర్రర్ ఇచ్చేస్తాయి, ఫలితం అదే. పోస్ట్‌మన్ యాప్ బ్రౌజర్ కాదు కాబట్టి ఎవరినీ అడగదు, నేరుగా వెళ్లిపోతుంది.

అవతలి సర్వర్ మీ చేతిలో లేదు కాబట్టి మీ జావాస్క్రిప్ట్‌లో ఏం మార్చినా ఇది తీరదు. తీరినా సరే, అలా పంపొద్దు అంటాను నేను, ఎందుకంటే మీ పేజీ తెరిచిన ఎవరైనా అదే నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీ కీని చూసి కాపీ చేసుకోవచ్చు, వాళ్లు వాడిన లెక్కంతా మీ ఖాతాలో పడుతుంది. ఫ్లాస్క్‌తోనో (పైథాన్) నోడ్‌తోనో (జావాస్క్రిప్ట్) చిన్న సర్వర్ పెట్టుకోండి, పది పదిహేను లైన్ల పని. పేజీ మీ సర్వర్‌ని అడుగుతుంది, మీ సర్వర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్‌లో రాయకుండా బయట పెట్టే సెట్టింగ్) నుంచి కీ తీసుకుని, హెడర్‌లో పెట్టి బయటి సర్వీసుని అడుగుతుంది. కీ ఉన్న ఫైల్‌ని గిట్‌హబ్‌లోకి ఎక్కించకండి. ఉచిత కోర్స్ ప్రాక్సీల (మధ్యలో ఉండి మన రిక్వెస్ట్ మోసే బయటి సర్వర్లు) జోలికి అసలు వెళ్లకండి, కీని తీసుకెళ్లి ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే.

ఇంకొకటి, పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడితే రీడైరెక్ట్‌లు ఆపేసి పంపండి. సర్వీసు మనల్ని వేరే డొమైన్‌కి మళ్లిస్తే ఆ లైబ్రరీ ఆథరైజేషన్ హెడర్‌ని తీసేస్తుంది కానీ ఎక్స్-ఏపీఐ-కీ లాంటి సొంత హెడర్‌ని తీయదు, కొత్త చోటికి కూడా మోసుకుపోతుంది.

ప్రశ్న: పైథాన్‌తో తెలుగు వికీపీడియా వ్యాసాలు తెచ్చుకోబోతే 403 (అనుమతి లేదు) ఎర్రర్ వచ్చింది. యూజర్-ఏజెంట్ (అడిగే ప్రోగ్రామ్ ఏదో చెప్పే హెడర్) పెట్టాలన్నారని నా ప్రాజెక్ట్ పేరు 'తెలుగు పదకోశం' అని తెలుగులోనే పెట్టాను. ఇప్పుడు లాటిన్-1 ఎన్‌కోడింగ్ ఎర్రర్‌తో ఆగిపోతోంది.
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పెట్టడం సరైనదే, లిపి దగ్గరే చిక్కు. హెడర్ విలువని పైథాన్ లాటిన్-1లోకి మార్చి పంపుతుంది, అందులో ఉన్నవి 256 గుర్తులే, మన అక్షరాలు ఒక్కటీ లేవు. పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన వెర్షన్, మిమ్మల్ని పట్టుకోవడానికి మెయిల్ ఐడీ లేదా పేజీ లింకు పెట్టండి. వికీమీడియా నియమం అడిగేది ఇదే: మీ ప్రోగ్రామ్ వల్ల సర్వర్ మీద భారం పడితే ఎవరికి చెప్పాలో వాళ్లకి తెలియాలి. లైబ్రరీ తనంతట తాను పెట్టే పేరుతో వెళ్తే ఆపేయవచ్చు. గిట్‌హబ్ ఏపీఐ కూడా యూజర్-ఏజెంట్ లేని రిక్వెస్ట్‌కి 403 ఇస్తుంది. ప్రతి కాల్‌లో రాయక్కర్లేదు, సెషన్ ఆబ్జెక్ట్‌కి ఒకసారి పెడితే చాలు.

మీ సొంత సర్వీసుకి తెలుగు మాట హెడర్‌లోనే పంపాల్సి వస్తే యూఆర్‌ఎల్ ఎన్‌కోడ్ చేసి (అక్షరాల్ని % గుర్తులతో కోడ్‌గా మార్చి) పంపండి, అవతల విప్పుకోవాలి. 'త' ఒక్కటే తొమ్మిది గుర్తులు అవుతుంది, అందుకే పొడుగు వాక్యాలుంటే జేసన్‌గా బాడీలో పంపడమే మేలు.

ప్రశ్న: యూజర్_ఐడీ అనే హెడర్ నా ల్యాప్‌టాప్‌లో అందుతోంది, సర్వర్‌లో పెడితే ఖాళీగా వస్తోంది. ఎర్రర్ కూడా లేదు.
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: సర్వర్‌లో మీ ప్రోగ్రామ్‌కి ముందు ఎన్‌జింక్స్ (వచ్చే రిక్వెస్ట్‌లని అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) ఉందేమో చూడండి. పేరులో అండర్‌స్కోర్ ఉన్న హెడర్‌ని అది మామూలుగా వదిలేస్తుంది, మీ ప్రోగ్రామ్ దాకా రానివ్వదు. సెట్టింగ్ మార్చొచ్చు, కానీ రేపు ఇంకో సర్వర్‌కి మారితే మళ్లీ ఇదే గొడవ, కాబట్టి పేరులోనే అండర్‌స్కోర్ తీసి హైఫన్ పెట్టండి. ముందు ఎక్స్ తగిలించాలా అంటే అక్కర్లేదు, కొత్త పేర్లకి అది వద్దని 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6648 (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) చెప్పింది. మీ యాప్ పేరుతో మొదలుపెట్టండి, ఇంకెవరి హెడర్‌తోనూ కలవదు.