చెరువు కట్టలో కోన్ దించబోయే ముందు

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీస్సులు.

పరకాల వైపు ఒక చెరువు కట్టను పరీక్షించే పని నీకు అప్పగించారనీ, అందుకు పీజోకోన్, అంటే కడ్డీలతో మట్టిలోకి తోస్తూ ఒత్తిళ్లు కొలిచే శంకువు మొన పరికరం, వాడబోతున్నారనీ తెలిసి సంతోషించాను. కోన్‌ను దించడం పెద్ద కష్టమేమీ కాదు. సెకనుకు 2 సెంటీమీటర్ల వేగం తప్పకుండా చూసుకుంటే చాలు, మిగిలింది హైడ్రాలిక్ జాకీ చూసుకుంటుంది. మొన మీది ఒత్తిడిని, తొడుగు మీది రాపిడిని, మట్టి రంధ్రాల్లోని నీటి పీడనాన్ని కొలిచే సెన్సార్లు నమ్మదగిన స్థితిలో ఉన్నాయో లేవో ముందుగా తేల్చుకోవడమే అసలు పని.

అన్నిటికన్నా, నీటి పీడనాన్ని సెన్సార్‌కు చేరవేసే ఫిల్టర్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. మొన వెనుక ఉండే ఆ సన్నని వలయంలో గాలి బుడగ మిగిలిపోతే సెన్సార్ ఆలస్యంగా, మందకొడిగా స్పందిస్తుంది. తెర మీద గీత మాత్రం నున్నగా కనిపిస్తుంది కనుక కొత్తవాళ్లు దాన్నే మంచి రికార్డు అనుకుని మురిసిపోతారు. గాలి తీసిన గ్లిజరిన్‌లోనో సిలికాన్ నూనెలోనో ఫిల్టర్‌ను నానబెట్టి, అందులో మునిగి ఉండగానే మొనను బిగించి, దాని మీద పలుచటి రబ్బరు తొడుగు వేసి, భూమిలోకి దిగేదాకా తీయకు. ఎండాకాలంలో కట్ట పైపొరలోని నల్లరేగడి బీటలువారి, ఫిల్టర్‌లోని ద్రవాన్ని కూడా పీల్చేసేంత ఎండిపోతుంది. అందుకే ఆ పొర దాటేదాకా చేతి ఆగర్‌తో (చేత్తో తిప్పి మట్టి తవ్వే బర్మాతో) ముందే తవ్వించు. ఆ ఎండిన పొరలో మొన ఒత్తిడి ఎంత ఎక్కువ చూపినా దాన్ని కట్ట బలంగా లెక్కించకు, వానలు పడ్డాక అదే మట్టి మెత్తబడుతుంది.

మే నెల ఎండలో ట్రక్కు మీద కాలిన కోన్‌కు సున్నా రీడింగు (ఏ ఒత్తిడీ లేనప్పుడు సెన్సార్ చూపే అంకె) తీసుకుంటే, చల్లటి మట్టిలోకి దిగగానే ఆ సున్నా కదిలిపోతుంది. బోరు నీళ్లు నింపిన బకెట్‌ను నీడలో పెట్టి, అందులో కోన్‌ను నిలిపి, అంకెలు కుదుటపడ్డాకనే సున్నా రాసుకో. పైకి తీసి శుభ్రం చేశాక మళ్లీ చూడు. రెండింటికీ పొంతన కుదరకపోతే మెత్తటి బంకమట్టిలో తీసిన రికార్డు పనికిరాదు, ఎందుకంటే అక్కడ కొలిచే ఒత్తిడే అతి తక్కువ.

అనుమానం వచ్చిన లోతులో తోయడం ఆపి, నీటి పీడనం తగ్గే తీరును గమనించు. ఇసుక పొరలో అది త్వరగా స్థిరపడుతుంది, రేగడిలో గంటలు పట్టవచ్చు. కట్టలో ఊట దారి ఎక్కడుందో చెప్పేది ఎక్కువగా ఈ ఓపికే కనుక, కూలీలు తొందరపెట్టినా కదలకు.

మన ప్రాంతంలో కింద మొరం, దాని కింద గట్టి రాయి తగులుతాయి. వాలు చూపే సెన్సార్ పక్కకు ఒరుగుతోందంటే బలవంతంగా తోయకుండా ఆపి, పక్కనే బోరు వేయించి మట్టి నమూనా తీయించు.

చివరిది మాత్రం మరువకు. కట్టలో చేసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. కడ్డీలు తీసిన వెంటనే సిమెంటు, బెంటోనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి) కలిపిన జావతో అడుగు నుంచి పైకి నింపించు. ఆ ఖర్చు అంచనాలో ముందే రాయించు. పని అయిపోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇట్లు,
మామయ్య, హనుమకొండ